మిగిలిపోయిన మాత్రలు

"వెయ్యనంటే వెయ్యను. ఈ వంటింట్లో నేనున్నంతసేపూ ఈ డబ్బా మూత రాదు!"

ఎలీసమ్మ కారం డబ్బాను రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకుని పొయ్యికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక గిన్నెలో వంకాయ కూర ఉడుకుతోంది. ఉప్పూ పసుపూ తప్ప మరేమీ ఎరగని ముక్కలు నీళ్లలో పొర్లుతున్నాయి.

"ఒక్క చెంచా అత్తయ్యా." షారోన్ చెయ్యి చాపింది. "నోటి పూత తగ్గి నెల దాటింది. నిన్న డాక్టరమ్మ కూడా అందిగా, ఇక ఏదైనా తినొచ్చని."

"ఏదైనా అంది. కారమని ఎక్కడంది?"

"ఆవిడ గుంటూరు డాక్టరమ్మండీ! ఏదైనా తినమంటే అందులో కారం లేకుండా ఎట్టా ఉంటది?"

వసారాలో తలగుడ్డ చుట్టుకుంటున్న జక్రయ్య ఫక్కున నవ్వాడు.

"కోడలు చెప్పింది న్యాయం. కల్లం నిండా ఎర్రగా కాయ ఆరబోసుకుని ఇంట్లో చప్పిడి కూడు తినే రైతు ఈ ప్రత్తిపాడు చుట్టుపక్కల నేనొక్కణ్ణే. నిన్న కాయ తిరగేస్తంటే నోట్లో నీళ్లూరినయ్యి. సిగ్గేసింది."

"నిన్నెవరు తినొద్దన్నారయ్యా? పచ్చడి జాడీకి నేనేమన్నా తాళమేశానా?"

"నువ్వేగా అంది! పిల్ల చూస్తా ఉంటే మనం తింటే దాని మనసు కష్టపడుద్దని. ఆర్నెల్లు! నా నాలుక చచ్చి మళ్లీ పుట్టాల."

ఎలీసమ్మ డబ్బాను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

షారోన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. సూదిమందులు మొదలైన దగ్గర్నుంచి తన కంచంలోకి వచ్చిన చప్పటి కూరే అందరి కంచాల్లోకీ వెళ్తోందని తెలుసు. వేరే వండే ఓపిక లేకేమో అనుకుంది. తనను చూసి మానేశారనుకోలేదు.

"అయితే మరీ మంచిది," అంది. "నాకోసం కాదు, మావయ్య కోసం వెయ్యండి."

"మీ మావయ్య కోసమైనా, మీ ఆయన కోసమైనా ఆదివారం దాకా ఆగాల్సిందే. కూడిక రోజు వేటమాంసం వండిస్తా. అందులో కావాల్సినంత కారం. పాస్టరయ్యగారికి నిన్న రాత్రే కబురు పెట్టా."

వంటింట్లో నవ్వు అంతటితో ఆగిపోయింది.

"కూడికా?" అంది షారోన్.

"కృతజ్ఞత కూడిక పెట్టుకోవద్దూ? ఇంత మేలు జరిగాక! పాటలు, ప్రార్థన, తర్వాత దేవుడు చేసిన మేలు గురించి నీ సాక్ష్యం, తర్వాత భోజనాలు. పేటలో అందరూ వస్తారు."

"నా సాక్ష్యం. ఏమని చెప్పమంటారు?"

ఎలీసమ్మ పొయ్యి వైపు తిరిగి గరిటె అందుకుంది.

"ఏముంది. టీబీ గడ్డలు పూర్తిగా తగ్గినయ్యని."

---

కిందటేడు మిరప కోతల్లో షారోన్‌కి ఒళ్లంతా దురద పుట్టింది. తను పాఠాలు చెప్పే బడి లేని రోజుల్లో ఆమె కూడా కల్లంలో తాలుకాయ ఏరేది. కోతల్లో దురద ఎవరికి లేదు? మజ్జిగ రాసుకోమంది అత్తగారు. మజ్జిగ రాసుకుంది. కొబ్బరినూనె రాసుకుంది. కోతలు అయిపోయాయి, మిగిలిన వాళ్లందరి దురదా పోయింది, ఆమెది పోలేదు. తర్వాత మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక భయమూ లేకపోయింది.

మెడలో గడ్డంటే టీబీయేనన్నారు మొదట చూసినవాళ్లు. ఆ మాత్రలు మింగుతూండగానే ఎలీసమ్మ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కోడలి టీబీ గడ్డల కోసం ప్రార్థించమని సంఘాన్ని కోరింది. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె మాటకు అక్కడ బరువుంది. శుక్రవారం ఉపవాసాలు మొదలయ్యాయి.

జులైలో గుంటూరు డాక్టరమ్మ గడ్డలోంచి ముక్క తీయించి పరీక్షకు పంపితే జబ్బు పేరు మారింది. లింఫోమా. "శరీరంలో అక్కడక్కడా కాపలా గ్రంథులుంటాయమ్మా," అని వివరంగా చెప్పిందావిడ. "జలుబు చేసినా పుండు పడినా ఉబ్బుతాయి, మళ్లీ సర్దుకుంటాయి. నీకు ఆ కాపలా కాసే కణాలే దారి తప్పి పెరిగిపోతున్నాయి. ఇది కేన్సరే. ఇందులో చాలా రకాలున్నాయి. నీది హాడ్జ్‌కిన్స్ అనే రకం. మందుకి బాగా లొంగుతుంది."

టీబీ మాత్రలు ఆ రోజే ఆపించింది. ఇంట్లో జబ్బు పేరు మారింది గాని సంఘంలో ప్రార్థన మారలేదు.

---

"పెట్టుకుందాంలే షారోన్. అమ్మ ముచ్చట." శ్యామ్ సుందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కరెంటాఫీసుకి టైమవుతోంది. "అందరూ ఇన్నాళ్లు నీకోసం పస్తులున్నారు. ఒక పూట అన్నం పెట్టుకోలేమా?"

"కూడిక వద్దని నేననలేదండీ."

"ఇంకేంది మరి? కూడికతో ఈ సంగతి అయిపోవాలి. మళ్లీ ఆస్పత్రి మాట ఎత్తొద్దు."

"మే నెలలో రమ్మంది గదా డాక్టరమ్మ."

"కృతజ్ఞత చెప్పుకున్నాక మళ్లీ పరీక్షలకి పోతే ఏమనుకుంటారు? వీళ్లకే నమ్మకం లేదనుకోరూ?"

షారోన్ భర్త మొహంలోకి చూసింది. నిన్న ఇదే మనిషి స్కాన్ కవరు చేతిలో పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. లోపలికి వెళ్లాక డాక్టరమ్మ ఫిల్ము వెలుగుకి పెట్టి ఎంతసేపు చూసిందో అంతసేపూ ఊపిరి బిగబట్టాడు.

"మెడలో లేదు. ఛాతీలోనూ లేదు. శుభ్రంగా ఉంది," అందావిడ.

"పోయినట్టేగా డాక్టరుగారూ?"

"పోయిందనే నా నమ్మకం. ఒట్టేసి చెప్పమంటే మాత్రం కొన్నేళ్లు ఆగమంటాను." ఆవిడ నవ్వింది. "ఈ రకాన్ని ఈ దశలో పట్టుకుంటే నూటికి ఎనభైమంది పైనే మళ్లీ దాని మొహం చూడరు. చూసే కొద్దిమందికీ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది. అందుకే మూడు నెలలకోసారి రమ్మంటున్నా. మెడా చంకలూ చేత్తో చూస్తాను, రక్త పరీక్ష, ఎక్స్-రే, అంతే. ఒకవేళ వచ్చినా చేతులెత్తేసే జబ్బు కాదిది. దానికీ వైద్యం ఉంది."

తిరుగు బస్సులో ఇద్దరూ పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ "ఏందండీ, లాటరీ తగిలిందా?" అంటే అవునన్నాడు శ్యామ్. ఆ ఎనభైమంది మాటే అతనికి వినబడింది. షారోన్‌కి ఆ కొద్దిమంది మాట కూడా వినబడింది. వినబడినా నవ్వింది. కేన్సరుకిచ్చిన ఎర్రమందు నరంలోకి ఎక్కుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్న రోజులతో పోలిస్తే, మూడు నెలలకోసారి మెడ తడిమించుకోవడం ఒక పనా!

"మీకు నమ్మకం లేక కాదు," అందిప్పుడు నెమ్మదిగా. "ఆ మెట్లు మళ్లీ ఎక్కాలంటే మీకు భయం."

శ్యామ్ ఆఖరి గుండీ తప్పు కంతలో పెట్టుకున్నాడు. సరిచేసుకోకుండానే స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు.

---

మధ్యాహ్నం ఎండ చల్లబడుతుండగా జానీబీ వచ్చింది. రెండిళ్ల అవతల ఉంటుంది. ఊళ్లో మిరపకాయలకి తొడిమలు తీసే పని. ఆమె రాకముందే ఘాటు వస్తుంది. షారోన్ తుమ్మి నవ్వింది.

"తుమ్ము టీచరమ్మా తుమ్ము. తుమ్మితే నూరేళ్లు." జానీబీ అరుగు మీద కూలబడి చుట్టూ చూసింది. "ఎలీసమ్మక్క లేదా?"

"కల్లంలో ఉంది. ఏంటి జానీబీ?"

"ఏం లేదులే. నీకు తగ్గిపోయిందంటగా! మా ఆయన చెప్పాడు. అల్లా చల్లగా చూడాల. నాక్కూడా ధైర్యమొచ్చింది." కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్ట తీసింది. "ఇయ్యి అయిపోయినయ్యి. ఇంకేమన్నా మిగిలినయ్యేమో అడుగుదామని."

షారోన్ అట్ట అందుకుంది. వెండిరంగు రేకు మీద సగం చెరిగిన అక్షరాలు. చూడగానే గుర్తుపట్టింది. కిందటేడు నెలల తరబడి పరగడుపున మింగిన మాత్రలు అవి.

"ఇవి నీకెవరిచ్చారు?"

"అక్కే. నాక్కూడా నీకొచ్చినట్టే వచ్చిందిగా. మెళ్లో గడ్డ. అక్కకి చూపిస్తే, మా షారోన్‌కి మిగిలినయ్యి ఉండయ్యి, పారెయ్యటమెందుకు, వేసుకో అంది. మంచి మందమ్మా. ఒంటేలు ఎర్రగా వస్తంటే పని చేస్తందిలే అనుకున్నా."

"రోజూ వేసుకున్నావా?"

"పనున్న రోజు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నయ్యని పని లేని రోజు వేసుకునేదాన్ని."

"గడ్డ చూపించు."

జానీబీ పైట పక్కకి జరిపింది. చెవి కింద నుంచి మెడ ఎముక దాకా చర్మం కింద వక్కల్లాంటివి మూడో నాలుగో. షారోన్ వేళ్లతో తడిమింది. తన మెడను ఇన్నిసార్లు తడుముకున్న వేళ్లు అవి.

"నొప్పుందా?"

"నొప్పుంటే ఎప్పుడో ఆస్పత్రికి పొయ్యేదాన్ని. నొప్పే లేదు."

షారోన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇది నిజంగా టీబీయే కావచ్చు. ఎక్కువమందికి అదే అవుతుందని డాక్టరమ్మే చెప్పింది. ఉత్త గడ్డే కావచ్చు. తనకొచ్చిందీ కావచ్చు. ముక్క తీసి చూస్తే తప్ప ఏదీ తెలియదు. టీబీయే అయినా ఇలా ఒక రోజు మింగి రెండు రోజులు మానేస్తే మందే మొద్దుబారుతుంది.

"జానీబీ, ఇవి ఇక ఎవరిచ్చినా వేసుకోకు. రేపు నాతో గుంటూరు రా."

"అమ్మో! టీబీకి గుంటూరెందుకని మా ఆయన ఎగిరిపడతాడు. టీచరమ్మకి మాత్రలతోనే తగ్గిందిగా, నువ్వేమన్నా జమీందారువా అంటాడు."

"మాత్రలతో కాదు జానీబీ, నాకు..."

మాట అక్కడే ఆగింది. ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో గోడలు కూడా కాపాడిన మాట. ఎవరికీ చెప్పొద్దని అత్తగారు చేతిలో చెయ్యి వేయించుకున్న మాట.

"సాయంత్రం వచ్చి చెప్తా," అంది.

జానీబీ ఆమె మొహంలోకి ఒకసారి అనుమానంగా చూసి, పైట సర్దుకుని వెళ్లింది.

---

ఎలీసమ్మ కల్లంలో కాయ కుప్ప చేయించి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. షారోన్ ఖాళీ అట్ట ఆమె ముందు పెట్టింది.

ఎలీసమ్మ చెంబు దించింది. నీళ్లు పాదాల మీద నుంచి కారిపోతున్నా కదల్లేదు.

"పారెయ్యటమెందుకని ఇచ్చా."

"నాకొచ్చింది టీబీ కాదని మీకు తెలుసు గదా."

"తెలుసు."

"మరి?"

"మరేం లేదు. జానీబీ వచ్చి మెడ చూపించింది. మీ కోడలికొచ్చినట్టే వచ్చిందంది. అవునన్నా. అవునన్నాక మందేదంటే ఏం చెప్పను? బీరువాలో ఉన్నయ్యి తీసిచ్చా."

"దానికేమొచ్చిందో తెలియకుండా మందెట్టా ఇస్తారండీ. టీబీయే అయినా అట్టా వేసుకోకూడదు. నా విషయంలో ఆ మాత్రలతో మూణ్ణెల్లు ఎట్టా వృథాగా పొయ్యాయో చూశారుగా!"

"అరవబాక."

"అరవటంలా."

నిజంగానే అరవలేదు. అరిస్తే బావుండేదేమో. ఎలీసమ్మ తొట్టి గట్టు మీద కూర్చుంది. మిరప రేణువులు అంటిన చేతుల్తో కళ్లు తుడుచుకోబోతే షారోన్ గబుక్కున మణికట్టు పట్టుకుని ఆపింది.

"మంట పుడుతుంది. ఆగండి." చెంబుతో నీళ్లు పోసింది. ఎలీసమ్మ పసిపిల్లలా చేతులు కడిగించుకుంది.

"మా పిన్ని పొయ్యింది ఆ జబ్బుతోటే," అంది. "ఆ పేరు చెప్పాక ఒక్కరు కూడా ఆవిణ్ణి బతికున్న మనిషిలా చూడలా. వచ్చినోళ్లంతా వీడ్కోలు చెప్పటానికే వచ్చారు. నిన్నట్టా చూస్తారని... కేన్సరంటే పోతావ్. టీబీ అంటే ఉంటావ్. అందుకని టీబీ అన్నా. అందరితో అనీ అనీ నేనే నమ్మేశా."

"ఉన్నాను గదత్తయ్యా."

"ఉన్నావ్."

"కేన్సరొచ్చినా ఉన్నాను. అది కూడా తెలియాలి గదా జనానికి."

ఎలీసమ్మ లేచి, కడుక్కున్న కాళ్లతోనే మళ్లీ కల్లంలోకి నడిచింది. అక్కడ చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.

---

చీకటి పడకముందే అన్నాలకు కూర్చున్నారు. మగవాళ్లకి ముందు వడ్డించి తర్వాత తినే ఇల్లు కాదది. నలుగురూ వంటింట్లో చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. కూర పొద్దుటిదే. జక్రయ్య ముద్ద కలుపుతూ ఒకసారి డబ్బా వైపు చూసి, భార్య మొహం చూసి, తల దించుకున్నాడు.

మజ్జిగ దాకా వచ్చాక షారోన్ కంచం కాస్త ముందుకి జరిపింది.

"రేపు జానీబీని తీసుకుని గుంటూరు వెళ్తున్నాను."

శ్యామ్ తలెత్తాడు. "జానీబీనా? ఎందుకు?"

చెప్పింది. గడ్డ సంగతీ మాత్రల సంగతీ చెప్పింది. మాత్రలు ఎవరిచ్చారో చెప్పలేదు. చెప్పకపోయినా ఎలీసమ్మ చెయ్యి కంచంలో ఆగిపోవడం అందరూ చూశారు.

"దాని మొగుడొప్పుకుంటాడా?" అన్నాడు జక్రయ్య.

"అన్నం తిన్నాక వాళ్లింటికి వెళ్తున్నా మావయ్యా. నాకొచ్చిన జబ్బేదో, ఏ మందుతో తగ్గిందో వాళ్లిద్దరికీ చెప్తాను. అప్పుడొప్పుకుంటాడు."

"చెప్తావా?" శ్యామ్ గొంతు లేచింది. "వాళ్లకి చెబితే తెల్లారేసరికి పేటంతా తెలుస్తుంది!"

"పేటకి ఆదివారం నేనే చెప్తానండీ. కూడిక పెట్టండి. సాక్ష్యం చెప్పమన్నారు గదా, చెప్తా. జబ్బు పేరుతో సహా చెప్తా. ఎన్నిసార్లు మందెక్కించుకున్నానో, జుట్టెట్టా ఊడిందో చెప్తా. దేవుడు మేలు చేశాడనీ చెప్తా, డాక్టరమ్మ మే నెలలో రమ్మంది, వెళ్తాననీ చెప్తా. మీరు రాలేకపోతే నేనొక్కదాన్నే ఆ మెట్లెక్కుతాను. ఇంతకుముందంత ఎత్తుగా లేవు అవి ఇప్పుడు."

"ఒక్కదానివే ఎందుకు," అన్నాడు శ్యామ్, మజ్జిగ గిన్నెతో మాట్లాడుతున్నట్టు. "లీవు పెడతా."

జక్రయ్య భార్య వైపు తిరిగాడు. "ఎలీసా, నువ్వు టీబీ అని చెప్పినంత మాత్రాన పైవాడు పొరబడి వేరే మందిస్తాడా ఏంది? అమ్మాయి చెప్పనీ."

"నీకేం, చెప్పింది నువ్వా! సంఘమంతా నా మాట నమ్మి శుక్రవారాలు పస్తులున్నారు. పక్క ఊళ్ల నుంచి నడిచొచ్చిన ముసలోళ్లు కూడా ఉన్నారు అందులో. కోడలు లేచి కేన్సరని చెబితే నన్నేమంటారు?"

"ఏమీ అనరత్తయ్యా. మీమీద నేనొక్క మాట కూడా రానివ్వను. మొదట టీబీయే అన్నారు, అదే చెప్తా. అది నిజమేగా."

"మిగతా సగం?"

షారోన్ మజ్జిగ గిన్నె అత్తగారి వైపు జరిపింది.

ఎలీసమ్మ కంచంలో మిగిలిన మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుని తినడం మొదలుపెట్టింది. అన్నం పారేసే మనిషి కాదు. అందరూ ఆమె కోసం చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. ఆఖరి మెతుకు తిని, కంచంలో నీళ్లు పోసి, అప్పుడు తలెత్తింది.

"జానీబీ ఇంటికి ఇప్పుడే పో. ఆలస్యమైతే వాడు పడుకుంటాడు," అంది షారోన్‌తో. "ఆదివారం కూడిక జరుగుద్ది. నీ సాక్ష్యం నువ్వు చెప్పుకో. కానీ నీకంటే ముందు నేను లేచి నిలబడతా."

"లేచి ఏం చెప్తారు?"

"అడగబాక," అంది ఎలీసమ్మ. "నాకే తెలీదు."